నాస్‌కు పెట్టిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కనబడటం లేదా? ఫార్మాట్ నొక్కకముందు ఇవి చూడండి

పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది ఇదీ. ఇంట్లో రెండు డిస్కుల సైనాలజీ కంపెనీ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి అందరి ఫైళ్లూ దాచుకునే పెట్టె) ఉంది. నాన్నగారు తీసిన పెళ్లి వీడియోలు, స్కాన్ చేసిన పాత ఫోటోలు, భూమి దస్తావేజులు ఉన్న 4 టీబీ పోర్టబుల్ హార్డ్ డ్రైవ్‌ను దాని వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు పెడితే డ్రైవ్ లైటు వెలుగుతుంది, కొన్ని సెకన్లకు ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. లోపల సన్నగా టిక్‌మంటోంది. నాస్‌లో 'ఎక్స్‌టర్నల్ డివైసెస్' పేజీ ఖాళీగా ఉంటోంది. అదే డ్రైవ్ ల్యాప్‌టాప్‌కు పెడితే మామూలుగా తెరుచుకుంటోంది. తెలిసినవాళ్లు ఫార్మాట్ కొట్టేయమన్నారు. కొట్టాలా, నాస్ పోర్టు పాడైందా అని మీ టెన్షన్.

ఫార్మాట్ కొట్టకండి. అది నష్టమే తప్ప దానివల్ల మీ సమస్య తీరదు. ఫార్మాట్ అంటే డిస్కు మీద రాసి ఉన్న ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే అమరికను, చెరిపి కొత్తది రాయడం. మీ నాస్ ఆ ఫైల్ సిస్టమ్ చదివే దాకా రాలేదు. అసలు ఒక డ్రైవ్ తగిలించారన్న సంగతే దానికి తెలియడం లేదు, అందుకే ఆ పేజీ ఖాళీ. ఫైల్ సిస్టమ్ నచ్చకపోతే డ్రైవ్ పేరు, సైజు కనబడి పక్కన 'గుర్తించలేదు' అనో 'అన్‌నోన్' అనో రాసి ఉండేది. ల్యాప్‌టాప్‌లో ఫార్మాట్ చేసి తెచ్చి పెట్టినా లైటు ఇలాగే వెలిగి ఆరుతుంది, తేడా అల్లా నాన్నగారి వీడియోలు ఉండవు.

'కనబడటం లేదు' అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. డ్రైవ్‌కు కరెంటు చాలక, లేదా కేబుల్ బాగోక, నాస్ దాన్ని పలకరించలేకపోవడం ఒకటి. పలకరించింది గానీ అందులోని ఫైల్ సిస్టమ్ చదవలేకపోవడం రెండోది. చదివేసింది, ఫోల్డర్ కూడా తయారైంది, కానీ మీ ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో ఆ ఫోల్డర్ కనబడకపోవడం మూడోది. మందు వేసేముందు ఏ జబ్బో తేల్చుకోవాలి. మీరు చెప్పిన గుర్తులన్నీ మొదటిదాన్నే చూపిస్తున్నాయి.

అన్నిటికంటే ముందు ఒక పని. డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్న ఈ రోజే కాపీ తీసుకోండి. రిపేరు సంగతి తర్వాత. నాస్‌లో ఖాళీ ఉంటే ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, డ్రైవ్ నుంచి నాస్‌లోకి నెట్‌వర్క్ మీదుగా పంపండి. గిగాబిట్ లాన్ మీద సెకనుకు 110 మెగాబైట్ల దాకా వెళుతుంది. ఆ లెక్కన నిండు 4 టీబీకి పది గంటలు. చిన్న చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే ఇంకా చాలా ఎక్కువ పడుతుంది. అందుకని మళ్లీ దొరకనివి ముందు పంపండి: దస్తావేజులు, పాత ఫోటోలు, తర్వాత వీడియోలు. మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాకుండా ఉండాలంటే మామూలు కాపీ పేస్ట్ బదులు విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ వాడండి. అదే ఆదేశాన్ని మళ్లీ ఇస్తే అప్పటికే వెళ్లిన ఫైళ్లను వదిలేసి మిగిలినవి పంపుతుంది.

కాపీ నడుస్తున్నప్పుడు డ్రైవ్ దగ్గర చెవి పెట్టి వినండి. ల్యాప్‌టాప్‌కు పెట్టినప్పుడు శబ్దం లేకుండా తిరుగుతూ, నాస్‌కు పెట్టినప్పుడు మాత్రమే టిక్‌మంటుంటే డ్రైవ్ దాదాపుగా బాగున్నట్టే. ల్యాప్‌టాప్‌లో కూడా టిక్ టిక్ అని క్రమం తప్పకుండా కొట్టుకుంటుంటే, కాపీ కొన్ని ఫైళ్ల దగ్గర నిమిషాల కొద్దీ ఆగుతుంటే, అది వేరే కథ. దాని గురించి కింద చెబుతాను.

ఇక కరెంటు సంగతి. అసలు విషయం ఇక్కడే ఉంది. మీది 2.5 అంగుళాల పోర్టబుల్ డ్రైవ్. దానికి విడిగా అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ కేబుల్‌లో వచ్చే 5 వోల్టులే తిండి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీయాంపులు ఇవ్వాలి. ఒకసారి తిరగడం మొదలయ్యాక ఈ డ్రైవ్‌లకు అంత అక్కర్లేదు. లోపల డేటా రాసి ఉండే గుండ్రటి పళ్లెం ఆగి ఉంటే దాన్ని నిమిషానికి 5,400 చుట్ల వేగానికి లేపే ఆ మొదటి కొన్ని సెకన్లలోనే ఒక యాంపు దాకా లాగుతాయి. ఆ క్షణంలో పోర్టు అంత ఇవ్వలేకపోతే వోల్టేజి పడిపోతుంది, డ్రైవ్‌లోని బోర్డు రీసెట్ అవుతుంది, పళ్లెం మీద డేటా చదివే హెడ్ వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. మీకు వినబడే టిక్ అదే అయ్యుంటుంది. మళ్లీ మొదలు, మళ్లీ రీసెట్. లైటు వెలిగి ఆరడానికి కారణం ఇదే. డ్రైవ్‌ను అరచేతిలో బల్లపరుపుగా పెట్టుకుని నాస్‌కు తగిలిస్తే, పళ్లెం లేవబోయి చచ్చుబడిపోవడం చేతికి తెలుస్తుంది. చేయి మాత్రం కదపకండి.

ల్యాప్‌టాప్‌లో పనిచేసింది కాబట్టి నాస్ పోర్టు పోయిందని తీర్మానించకండి. చాలా ల్యాప్‌టాప్ పోర్టులు ప్రమాణం కంటే ఉదారంగా కరెంటు ఇస్తాయి. నాస్‌లో అదే అడాప్టర్ మీద లోపలి రెండు డిస్కులు కూడా బతకాలి. అందుకే తేలికైన పరీక్ష ఒకటి చెబుతాను: నాస్ పూర్తిగా ఆన్ అయి, లోపలి డిస్కుల హడావిడి తగ్గి, ఐదు నిమిషాలు గడిచాక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి చూడండి. అన్నీ ఒకేసారి లేచినప్పుడు కనబడక, ఇలా పెట్టినప్పుడు కనబడితే అడాప్టర్ నీరసించిందన్నమాట. అదే వోల్టేజి, అంతే లేదా అంతకంటే ఎక్కువ యాంపులు రాసి ఉన్న అడాప్టర్ మార్చండి. వోల్టేజి అంకె మాత్రం అటూ ఇటూ కాకూడదు.

మన వైపు ఈ అడాప్టర్లు త్వరగా నీరసించడానికి కారణం ఉంది. సాయంత్రం పూట వోల్టేజి తగ్గితే నాస్‌కు నష్టమేమీ లేదు, దాని అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసే ఉంటుంది. దెబ్బ కొట్టేది కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణం. వానాకాలంలో ఒక్క సాయంత్రంలోనే పదే పదే పోయి వస్తుంటే, వచ్చిన ప్రతిసారీ అడాప్టర్‌లోని కెపాసిటర్ మీద దెబ్బ పడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకో ముందో 'యూపీఎస్ మోడ్' అనే చిన్న స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకోవడానికి పట్టే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు గానీ నాస్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో త్వరగా అందుకుంటుంది. లో వోల్టేజి ఉన్నంతసేపూ బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి బ్యాటరీ త్వరగా దిగుతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి. నాస్‌కూ రౌటర్‌కూ కలిపి ఒక చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోవడమే నా మాటగా మేలు.

కరెంటు చాలకపోవడానికి సరైన మందు సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్. అడాప్టర్ లేని చవక హబ్ కొంటే ఉన్న కాస్త కరెంటునూ అది పంచుకుంటుంది, ఇంకా చెడుతుంది. హబ్ అడాప్టర్ 5 వోల్టులైతే 2 యాంపులకు తగ్గనిది చూడండి. ఆ హబ్ ద్వారా పెట్టగానే లైటు నిలకడగా వెలిగి, నాస్‌లో డ్రైవ్ పేరు కనబడితే మీ సమస్య అక్కడితో తీరిపోయింది.

హబ్ కొనేముందు కేబుల్ అనుమానం తీర్చుకోండి, దానికి పైసా ఖర్చు లేదు. మీ డ్రైవ్ వైపు ఉండేది వెడల్పాటి, మధ్యలో నొక్కుపడ్డ ప్లగ్ అయ్యుంటుంది. అందులో పెద్ద భాగం పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ ఆకారమే, పక్కనున్న చిన్న భాగంలో యూఎస్‌బీ 3.0 తీగలు ఉంటాయి. ఇంట్లో పాత ఫోన్ కేబుల్ ఉంటే దాన్ని డ్రైవ్ సాకెట్‌లో ఆ పెద్ద భాగంలో గుచ్చవచ్చు, సరిగ్గా కూర్చుంటుంది. వేగం తగ్గి యూఎస్‌బీ 2.0గా పనిచేస్తుంది. కేవలం చార్జింగ్ కేబుల్ కాకుండా డేటా వెళ్లే కేబుల్ కావాలి, పొట్టిదైతే మంచిది. ఇలా పెట్టినప్పుడు నాస్‌లో కనబడితే డ్రైవ్, పోర్టు రెండూ బతికే ఉన్నాయి, తప్పు ఆ వెడల్పాటి కేబుల్‌లో ఉందనో 3.0 కాంటాక్టుల్లో ఉందనో అనుకోవచ్చు. కొత్త కేబుల్ తెచ్చుకుంటే చాలు. అర మీటరుకు మించనిది కొనండి, పొడవు పెరిగేకొద్దీ డ్రైవ్ దగ్గరికి చేరేసరికి వోల్టేజి పడిపోతుంది. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఈ కాంటాక్టులు పచ్చబడిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బ్రష్‌తో ప్లగ్‌ను తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. సాకెట్‌లో సూది, పిన్నీసు పెట్టి గీకొద్దు. చాలా పోర్టబుల్ డ్రైవ్‌లలో ఆ సాకెట్ నేరుగా హార్డ్ డిస్కు బోర్డుకే అతికించి ఉంటుంది. అది ఊడితే కేసు విప్పి వేరే బాక్సులో పెట్టుకునే దారి కూడా ఉండదు.

లైటు నిలకడగా వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, అయినా పేజీ ఖాళీగానే ఉందనుకోండి. అప్పుడు నాస్ లాగ్ చూడాలి. కంట్రోల్ ప్యానెల్‌లో 'టెర్మినల్' దగ్గర ఎస్‌ఎస్‌హెచ్ (ల్యాప్‌టాప్ నుంచి నాస్‌కు కమాండ్లు ఇచ్చే దారి) ఆన్ చేసి, లాగిన్ అయి, కెర్నెల్ మెసేజీలు చూపించే డీఎంఈఎస్‌జీ కమాండ్‌ను అడ్మిన్ హక్కుతో ఇవ్వండి. డ్రైవ్ తగిలించిన వెంటనే కింద చేరిన వరుసలు చదవండి. కొత్త యూఎస్‌బీ డివైస్ దొరికిందని, దాని కంపెనీ పేరు, సెక్టార్ల లెక్క వస్తే పలకరింపు అయిపోయినట్టు, మీరు రెండో జబ్బులోకి వచ్చారు. 'డిస్క్రిప్టర్ రీడ్' అంటూ ఎర్రర్ మైనస్ 71 గానీ మైనస్ 110 గానీ పదే పదే వస్తుంటే అది కేబులో కరెంటో. మైనస్ 71 అంటే మాట చెదిరిపోయింది, మైనస్ 110 అంటే ఎదురుచూసి ఎదురుచూసి సమయం దాటింది. 'ఓవర్ కరెంట్' అని కనబడితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. చూడటం అయ్యాక ఎస్‌ఎస్‌హెచ్ ఆపేయండి.

రెండో జబ్బు మీకు ఇప్పుడు లేదు గానీ హబ్ పెట్టాక బయటపడొచ్చు కాబట్టి చెబుతున్నాను. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ అయిన డ్రైవ్‌ను విండోస్ నుంచి సేఫ్‌గా తీయకుండా లాగేస్తే, లేదా ల్యాప్‌టాప్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆన్‌లో ఉండగా షట్‌డౌన్ చేసి తీస్తే, ఆ ఫైల్ సిస్టమ్ మీద 'ఇంకా వాడుకలో ఉంది' అన్న గుర్తు మిగిలిపోతుంది. నాస్ లోపల నడిచేది లినక్స్. అది ఆ గుర్తు చూసి జాగ్రత్తకొద్దీ డ్రైవ్‌ను తెరవదు, తెరిచినా రాయనివ్వదు. కాపీ చేతికొచ్చాక మళ్లీ ల్యాప్‌టాప్‌కు పెట్టి, ప్రాపర్టీస్‌లో 'టూల్స్' కింద 'చెక్' నడిపి, సేఫ్‌గా తీయండి. కాపీ లేకుండా చెక్ నడపొద్దు. అది డిస్కు మీద రాస్తుంది, డిస్కు నీరసంగా ఉంటే ఉన్నదీ పోవచ్చు.

ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఫ్యాట్ అయితే పాత డీఎస్‌ఎంలో (సైనాలజీ నాస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దానికి విడిగా ప్యాకేజీ వేసుకోవాలి, ప్యాకేజ్ సెంటర్‌లో చూడండి. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్‌గా చేసినదైతే సైనాలజీ చదవదు. విండోస్ తాళమైన బిట్‌లాకర్ వేసినదైనా, డ్రైవ్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టినదైనా అంతే. ఆ తాళం విండోస్‌లోనో మ్యాక్‌లోనో తీయాలి, నాస్ దగ్గర తీయడానికి దారి లేదు. ల్యాప్‌టాప్‌లో పెట్టినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోందేమో ఒకసారి గమనించండి. ఎప్పుడో ఒకసారి ఇచ్చి 'గుర్తుంచుకో' అని టిక్ పెట్టి ఉంటే ఇప్పుడు అడగకుండానే తెరుచుకుంటుంది, మీకు గుర్తుండకపోవచ్చు.

మూడో జబ్బు చిన్నదే. డీఎస్‌ఎంలో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ 'యూఎస్‌బీషేర్' అనే పేరుతో షేర్డ్ ఫోల్డర్‌గా వస్తుంది, అనుమతి అడ్మిన్‌కే ఉండొచ్చు. మీ లాగిన్‌లో కనబడి ఇంట్లో మిగతావాళ్లకు కనబడకపోతే అనుమతులు ఇవ్వండి, డ్రైవ్‌లో లోపం లేదు.

ఫైల్ పేర్ల గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో ఫోల్డర్లకు తెలుగులోనే పేర్లు పెడతాం, ఆఫీసు కాగితాలకు ఒడియాలో ఉంటాయి. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక పేరుకు 255 యూనిట్ల దాకా చోటు ఉంటుంది, అక్కడ తెలుగు గుర్తు ఒక్కొక్కటీ ఒక్క యూనిటే. నాస్ వాడే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లైన ఈఎక్స్‌టీ4 లోనూ, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లోనూ 255 అంటే బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, ఒడియాకూ అంతే. అంటే 85 గుర్తులతో చోటు నిండిపోతుంది. గుర్తు అంటే మనం రాసే అక్షరం అనుకోకండి. 'శ్రీ' చూడటానికి ఒక్క అక్షరం, లోపల శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు గుర్తులు, 12 బైట్లు. 'శ్రీ సత్యనారాయణ స్వామి వ్రతం, పెద్దబ్బాయి గృహప్రవేశం' లాంటి పేర్లు ఆ లెక్కకు త్వరగానే దగ్గరవుతాయి. సైనాలజీలో ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్ అయితే హద్దు ఇంకా తక్కువ, 143 బైట్లు. అంటే 47 తెలుగు గుర్తులు. పైన రాసిన పేరే అక్కడ పట్టదు. 'పేరు చాలా పొడుగు' అనే ఎర్రర్‌తో కొన్ని ఫైళ్లు మాత్రమే ఆగిపోతే కారణం ఇదే. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య పోల్చుకోండి. పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనబడితే ఫైళ్లు పాడైనట్టు అనుకుని చెరపకండి, అది అక్షరాల సెట్టింగు సమస్య.

ఇందాక దాటేసిన సంగతికి వస్తాను. ల్యాప్‌టాప్‌లోనూ టిక్ టిక్ వస్తుంటే, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో డిస్కు ఆరోగ్యం చూడండి. 'రీఎలోకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్' సున్నా దాటి పెరుగుతుంటే డిస్కు లోపలే దెబ్బతింటోంది. 'పవర్ ఆఫ్ రిట్రాక్ట్' సంఖ్య బాగా పెద్దదైతే కరెంటు అర్ధంతరంగా పోతోందని గుర్తు, పైన చెప్పినదంతా బలపడుతుంది. శబ్దం గట్టిగా ఉండి ల్యాప్‌టాప్‌లో కూడా తెరుచుకోవడం మానేస్తే ఇంకొక్కసారి పెట్టి చూద్దాం అనుకోకుండా ప్లగ్ తీసేయండి. హెడ్ పళ్లేన్ని గీస్తుంటే తిరిగిన ప్రతి నిమిషమూ నష్టమే. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్లుంటారు, లోపల తేమ చేరి మరింత పాడవుతుంది. కేసు విప్పడం కూడా వద్దు. క్లీన్ రూమ్ (డిస్కు విప్పడానికి దుమ్ము లేని గది) ఉన్న డేటా రికవరీ వాళ్ల దగ్గరికే పోవాలి. భువనేశ్వర్‌కో విశాఖకో తీసుకెళ్లే ముందు, క్లీన్ రూమ్ వాళ్లదేనా, వేరే ఊరికి పంపిస్తారా అని ఫోన్‌లోనే అడగండి. డేటా రాకపోతే డబ్బు ఎంత తీసుకుంటారో రాతలో ఇమ్మనండి. విండోస్ 'ఇనిషియలైజ్ చేయాలా' అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి, ఎవరి చేతికిచ్చినా ఇదే చెప్పండి.

హబ్‌తో డ్రైవ్ కనబడ్డాక దాన్ని నాస్‌కు శాశ్వతంగా తగిలించి వదిలేయకండి. నాస్‌లో రెండు డిస్కులు ఒకదానికొకటి నకలుగా ఉన్నా అది బ్యాకప్ కిందికి రాదు. తప్పున చెరిపింది రెండింట్లోనూ చెరిగిపోతుంది, పిడుగు పడితే రెండూ ఒకేసారి పోతాయి. పిడుగు కరెంటు తీగ మీదే రానక్కర్లేదు, లాన్ కేబుల్ మీద, ఇంటర్నెట్ తీగ మీద కూడా వస్తుంది. ఉరుములు మొదలయ్యేలోపే ప్లగ్‌తో పాటు ఆ తీగలు కూడా పీకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు చూశాం. అలాంటి రోజున నాస్, డ్రైవ్ ఒకే బల్ల మీద ఉంటే రెండు కాపీలున్నా ఒకటి కిందే లెక్క. నెలకోసారి సైనాలజీ బ్యాకప్ ప్రోగ్రాం హైపర్ బ్యాకప్ నడిపి, డీఎస్‌ఎంలో 'ఎజెక్ట్' నొక్కి, లైటు ఆరాక తీసి, శ్రీకాకుళంలోనో బరంపురంలోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. కుదిరితే రెండో డ్రైవ్ కొని రెండింటినీ మార్చి మార్చి పంపుతూ ఉండండి. డ్రైవ్ మీద తేదీ రాసిన కాగితం అంటిస్తే ఏది కొత్త కాపీయో వెతుక్కోవాల్సిన పని ఉండదు.